ఇంప్లాంట్ క్లీనింగ్ పరికరాలు: పాచి తీసేవేవి, టైటానియం పొడి రాల్చేవేవి

పంటి ఇంప్లాంట్ (పోయిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే టైటానియం మరమేకు) చుట్టూ క్లీనింగ్ చేసే పరికరం మంచిదా కాదా అని చెప్పాలంటే పాచి, గార ఎంతవరకు పోయాయో చూస్తే చాలదు. అది సగం లెక్కే. ఆ పని చేస్తూ ఎంత లోహాన్ని గీకింది, చిగురు లోపల ఏ ముక్కలు వదిలేసి వచ్చింది అన్నది మిగతా సగం. మన డెంటల్ క్లినిక్‌లలో ఎక్కువగా మొదటి సగమే చూస్తారు. సొంత పన్నుకు గార తీయడానికి వాడే స్టీల్ స్కేలర్‌నే ఇంప్లాంట్‌కూ పెట్టి, మెరిసిందా లేదా చూసి పంపేస్తారు. మార్కెట్‌లో దొరికే పరికరాలను, ఇంట్లో వాడుకునే సరంజామాను ఇక్కడ ఈ రెండు లెక్కలూ కలిపి బేరీజు వేస్తున్నాం. ఇది ఇంప్లాంట్ పెట్టించుకున్నవారికీ, వాటిని సంరక్షించే డెంటిస్టులకూ పనికొచ్చే సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. ఎప్పటికప్పుడు చేసే మామూలు సంరక్షణకు ఎరిత్రిటాల్ అనే మెత్తటి పౌడర్‌తో ఎయిర్ పాలిషింగ్ (గాలి, నీటితో పౌడర్ చిమ్మి పాచి ఊడగొట్టడం), గట్టి గార ఉన్నచోట మాత్రమే పీక్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉన్న, కంపించే అల్ట్రాసోనిక్ టిప్. ఈ జోడీ మా మొదటి ఎంపిక. మామూలు స్టీల్ టిప్ వద్దు. టైటానియం బ్రష్ చిగురు తెరిచి చేసే సర్జరీకే, అదీ ధారగా సెలైన్ పోస్తూనే. ఇంట్లో పళ్ల సందుల్లో తోమడానికి ప్లాస్టిక్ పూత తీగ ఉన్న ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను మించినది లేదు.

పొడి, బ్యాక్టీరియా కలిస్తే లోపల జరిగేది

టైటానియం మన ఒంటికి పడుతుందన్న మాట నిజమే. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే పరిశోధకుడు 1965లో మొదటి రోగికి ఇంప్లాంట్లు పెట్టినప్పటి నుంచి ఈ లోహం ఎముకతో అతుక్కుంటుందని రుజువవుతూనే ఉంది. అలా అతుక్కునేది ముద్దగా ఉన్న టైటానియం. దాని మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఉంటుంది, ఆ పొరే దాని రక్షణ. అదే లోహం మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సైజు పొడిగా మారి చిగురు కండలోకి చేరినప్పుడు శరీరం దాన్ని చూసే తీరు వేరు.

చిగురులో కాపలా ఉండే మాక్రోఫేజ్‌లు, అంటే భక్షక కణాలు, 10 మైక్రాన్లలోపు రేణువు కనబడితే మింగేస్తాయి. బ్యాక్టీరియాను మింగితే ఎంజైములతో అరిగించుకోగలవు. టైటానియాన్ని అరిగించుకోలేవు. రేణువు చేరిన లైసోజోమ్ సంచి, అంటే కణం లోపల అరిగించే సంచి, చిట్లి, అందులోని కాథెప్సిన్-బి అనే ఎంజైము కణద్రవంలోకి కారుతుంది, పొటాషియం బయటికి పోతుంది. ఈ అలజడిని పసిగట్టి ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్ మరికొన్నిటితో కలిసి ఇన్‌ఫ్లమజోమ్‌గా కూడుకుంటుంది. అది కాస్పేస్-1 అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. కాస్పేస్-1 ముడి రూపంలో ఉన్న ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను, అంటే వాపు పెంచే సంకేత ప్రొటీన్‌ను, కోసి, పనిచేసే రూపంలో బయటికి వదులుతుంది. వాపు ముదిరేది ఇక్కడే.

అయితే కోయడానికి ఆ ముడి సరుకు ముందే తయారై ఉండాలి కదా. ఆ పని బ్యాక్టీరియాది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటమ్ లాంటి నోటి బ్యాక్టీరియా పైపొరలో లైపోపాలీశాకరైడ్ ఉంటుంది. మాక్రోఫేజ్ మీది టోల్-లైక్ రిసెప్టర్లకు అది తగలగానే కణం ముడి ఇంటర్‌ల్యూకిన్-1 బీటానూ, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3నీ పెద్ద మొత్తంలో తయారుచేసి పెట్టుకుంటుంది. బ్యాక్టీరియా పొయ్యిలో కట్టెలు పేరిస్తే, టైటానియం రేణువు అగ్గిపుల్ల గీస్తుంది. స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగం ఇదే చూపింది. లైపోపాలీశాకరైడ్‌తో ముందుగా సిద్ధం చేసిన మాక్రోఫేజ్‌లకు టైటానియం అయాన్లు ఇస్తే, ఆ అయాన్లు ద్రవంలోనే రేణువులుగా కట్టుకుని ఇంటర్‌ల్యూకిన్-1 బీటా విడుదలయ్యేలా చేశాయి.

ఆ తర్వాతది ఎముక కథ. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా పెరిగితే చుట్టుపక్కల కణాలు ర్యాంక్ లైగాండ్ అనే ఇంకో సంకేత ప్రొటీన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. దాంతో ఎముకను తినే ఆస్టియోక్లాస్ట్‌లు పుట్టుకొస్తాయి. రేణువును మింగిన మాక్రోఫేజ్ చచ్చిపోతే రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. పాచిని పూర్తిగా తీసేసినా ఇంకా కొంత చిరచిర మిగలడానికి ఇదొక కారణం కావచ్చు. తుంటి కీలు మార్పిడి చేసే ఎముకల డాక్టర్లకు ఈ రేణువుల గొడవ దశాబ్దాలుగా తెలుసు. ఇన్‌ఫెక్షన్ లేకుండానే అక్కడ ఇంప్లాంట్లు వదులైపోతుంటాయి.

ఇక్కడ ఒక హద్దు గీయాలి. ఇంప్లాంట్ చుట్టూ ఎముక పోయే పెరి-ఇంప్లాంటైటిస్‌కు అసలు కారణం పాచే. టైటానియం రేణువులే ఈ జబ్బు తెస్తాయని మనుషుల్లో రుజువు కాలేదు. 2017లో జరిగి 2018లో ప్రచురితమైన, చిగుళ్ల, ఇంప్లాంట్ జబ్బుల ప్రపంచ వర్గీకరణ సమావేశం కూడా ఆధారాలు చాలవనే చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ కూడా లోహపు రేణువులు కనబడుతుంటాయి. కాబట్టి 'టైటానియం విషం' అని భయపెట్టి ఇంప్లాంట్ పీకించే వాళ్ల మాట నమ్మొద్దు. జబ్బున్న చోట పాచిలో టైటానియం ఎక్కువగా ఉందన్నది మాత్రం పరీక్షల్లో తేలింది. తీసుకోగలిగిన జాగ్రత్త క్లీనింగ్ పేరిట కొత్త పొడి రాల్చకపోవడమే. ఈ సమీక్ష మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

స్టీల్ స్కేలర్ టిప్

సొంత పంటి మీద గార తీయడానికి ఇది ఎంత మంచి పనిముట్టో ఇంప్లాంట్ మీద అంత చెడ్డది. స్టీల్ కంటే మెత్తనైన స్వచ్ఛ టైటానియం మీద సెకనుకు 25 వేల నుంచి 30 వేల సార్లు కంపించే కొన తగిలితే గీతలు పడతాయి. అబట్‌మెంట్ (ఇంప్లాంట్‌కూ పైన క్యాప్‌కూ మధ్య బిగించే భాగం) మెడ దగ్గర నున్నటి చోట ఒక్కసారి ఆనించి తీసి లూప్స్ (భూతద్దాల కళ్లజోడు) పెట్టుకుని చూడండి, తళుక్కుమనే సన్నని చార కనబడుతుంది. తెల్ల గాజ్ తడిపి ఆ చోట తుడిస్తే బూడిదరంగు మరక అంటుతుంది. ఆ మరక టైటానియమే. గాజ్‌కు అంటినది బయటికి వచ్చింది సరే, మిగతాది నీళ్లతో పాటు చిగురు లోపలికి పోయింది.

గీతలు పడిన చోట కొత్త పాచి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అంటే ఒకే దెబ్బకు రెండు నష్టాలు, రేణువులూ వచ్చాయి, బ్యాక్టీరియాకు గూడూ దొరికింది. మన దగ్గర ఎక్కువ క్లినిక్‌లలో ఉండే పీజో స్కేలర్లకు డబ్బాలో వచ్చే టిప్‌లన్నీ స్టీల్‌వే. ఇంప్లాంట్ టిప్ విడిగా కొనాలి. మిషన్ మార్చనక్కర్లేదు, టిప్ మారిస్తే చాలు. టిప్ బిగించే మర సైజు మీ మిషన్‌కు సరిపోతుందో లేదో కొనేముందు చూసుకోండి, ఈఎంఎస్ కంపెనీ మరకూ శాటిలెక్ కంపెనీ మరకూ పొంతన ఉండదు.

పీక్ టిప్, ప్లాస్టిక్ క్యూరెట్

పీక్ అనేది గట్టి, వేడికి తట్టుకునే పాలిమర్. స్విట్జర్లాండ్‌కు చెందిన ఈఎంఎస్ వారి పీఐ టిప్ ఈ రకమే. టైటానియాన్ని గీకదు. అబట్‌మెంట్ మీద, క్యాప్ అంచు దగ్గర పట్టిన గార ఊడగొట్టడానికి బాగా పనిచేస్తుంది. పవర్ తక్కువలో పెట్టి, కొనను నిలువుగా గుచ్చకుండా పక్క భాగాన్ని ఆనించి నడపాలి. నీటి ధార నిండుగా ఉండాలి.

లోపం ఎక్కడొస్తుందంటే అరుగుదలలో. ఇంప్లాంట్ గరుకైన మరల మీద నడిపితే పీక్ కొన పీచులు పీచులుగా లేచి, తెల్లటి పొరకలు మరల గాళ్లలో ఇరుక్కుంటాయి. ఆ పొరకలూ శరీరానికి పరాయి వస్తువులే. టైటానియం గీకలేదు కదా అని సంతోషించి ప్లాస్టిక్ వదిలేసి రావడం తగదు. ప్రతి రోగికీ ముందు టిప్‌ను వెలుతురులో తిప్పి చూడాలి. కొన మొద్దుబారినా, పీచు లేచినా పారేయాలి. 'ఇంకో రెండు కేసులు లాగిద్దాం' అనుకునే వస్తువు కాదిది. వాడాక పాకెట్‌ను, అంటే చిగురుకూ ఇంప్లాంట్‌కూ మధ్య సందును, సెలైన్‌తో కడగాలి.

ప్లాస్టిక్ చేతి క్యూరెట్‌ల (పాచి గీకే పనిముట్ల) గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. నున్నటి అబట్‌మెంట్ మీద మెత్తటి పాచికి సరిపోతాయి. గట్టి గారకు వంగిపోతాయి, గరుకు మరల్లోకి వెళ్లలేవు. చేతి పనిముట్టే కావాలంటే టైటానియం క్యూరెట్ మేలు, లోహం మీద లోహం గనుక ఒత్తిడి మాత్రం తక్కువే పెట్టాలి.

ఎయిర్ పాలిషింగ్: ఏ పౌడర్ అన్నదే అసలు విషయం

గాలి, నీరు, సన్నటి పౌడర్ కలిపి చిమ్మి పాచిని ఊడగొట్టే పద్ధతిది. పరికరం ఎంత ఖరీదైనదైనా ఫలితాన్ని తేల్చేది అందులో పోసే పౌడరే. పాత సోడియం బైకార్బొనేట్ పౌడర్‌లో మెత్తగా రుబ్బిన రకం కూడా 40 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, ముతక రకాలు ఇంకా పెద్దవి. కాఫీ, పాన్ మరకలకు అది సరే గానీ చిగురు కిందికి, ఇంప్లాంట్ మీదికి వద్దు. గ్లైసిన్ రేణువు 25 మైక్రాన్లు, ఎరిత్రిటాల్ 14 మైక్రాన్లు. రెండూ మెత్తనివి, రెండూ నీళ్లలో కరిగిపోతాయి. మాక్రోఫేజ్ లెక్కలో ఈ కరిగే గుణమే ముఖ్యం. చిగురులో కాస్త చిక్కుకున్నా అరగని రేణువుగా మిగిలిపోదు. కాల్షియం కార్బొనేట్, అల్యూమినియం ఆక్సైడ్ పౌడర్లను ఇంప్లాంట్ దరిదాపులకు రానివ్వొద్దు.

ఈఎంఎస్ వారి ఎయిర్‌ఫ్లో ప్లస్ పౌడర్ ఎరిత్రిటాల్ రకం. ఇందులో 0.3 శాతం క్లోరెక్సిడిన్ కూడా ఉంటుంది. అందుకే క్లోరెక్సిడిన్ పడనివారికి ఇది వాడకూడదు. కేసు షీట్‌లో ఈ ప్రశ్న అడిగే క్లినిక్‌లు తక్కువ, మీరే చెప్పండి. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పిన బీపీ, కిడ్నీ రోగులకు కూడా బైకార్బొనేట్ బదులు గ్లైసిన్, ఎరిత్రిటాల్ నయం. తీవ్రమైన ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారి విషయంలో ముందుగా ఆలోచించుకోవాలి, పౌడర్ తుంపర గాలిలో లేస్తుంది.

వాడే తీరు ఇది. నాజిల్‌ను 3 నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒకే చోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. ధారను నేరుగా పాకెట్‌లోకి గుచ్చకూడదు. నాలుగు మిల్లీమీటర్ల లోతు వరకు మామూలు నాజిల్ చాలు. అంతకంటే లోతైన పాకెట్‌కు పెరియోఫ్లో నాజిల్ కావాలి. అది సన్నటి ప్లాస్టిక్ కొన, ఒక్కో రోగికి ఒకటి, వాడి పారేయాలి. ఒక్కో చోట 5 సెకన్లు, అంతే. అందులో పౌడర్, గాలి పక్కలకూ నీరు కిందికీ పోయేలా రంధ్రాలుంటాయి కాబట్టి గాలి నేరుగా ఎముక వైపు తన్నదు. పెద్ద సక్షన్ పక్కనే ఉండాలి.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, చిగురు చాలా పల్చగా ఉన్నా, నాజిల్ తప్పు కోణంలో పెట్టినా గాలి కండలోకి దూరి చెంప ఉబ్బుతుంది. దీన్ని ఎంఫిసీమా అంటారు. అరుదే. నొక్కితే చర్మం కింద కరకరలాడుతుంది. వెంటనే ఆపేయాలి, వాపు మెడకు పాకుతున్నా ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఆసుపత్రికి పంపాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల క్లినిక్‌లకు ఇంకో బెడద ఉంది, తేమ. ఎరిత్రిటాల్, గ్లైసిన్ పౌడర్ తేమకు గడ్డకట్టి నాజిల్ పూడిపోతుంది. రాత్రికి పౌడర్ చాంబర్ ఖాళీ చేసి, గాలితో ఊది, మూత బిగించి పెట్టాలి. కంప్రెసర్ లైనులో తేమ తీసే ఫిల్టరు ఉండాలి, ట్యాంకు అడుగున చేరిన నీరు రోజూ వదిలేయాలి. ధార తడబడుతూ వస్తోందంటే మిషన్ పాడైందని సర్వీస్ వాళ్లను పిలిచే ముందు ఇవి చూసుకోండి.

దీని హద్దు కూడా తెలిసి ఉండాలి. ఎయిర్ పాలిషింగ్ మెత్తటి పాచిని బాగా తీస్తుంది. గట్టిపడిన గారను తీయలేదు. ఎముక తగ్గి మరలు బయటపడ్డ లోతైన పెరి-ఇంప్లాంటైటిస్‌కు ఇదొక్కటే చేస్తే జబ్బు తగ్గదు, సర్జరీ అవసరం రావచ్చు. చిగురు వాపు దశలో, అంటే ఎముక పోని మ్యూకోసైటిస్‌లో, దీని విలువ ఎక్కువ.

బ్రష్‌లు

సర్జరీలో చిగురు తెరిచాక మరల గాళ్లలో పాచి తీయడానికి టైటానియం పోగుల గుండ్రని బ్రష్‌లు వస్తాయి. స్ట్రామన్ వారిదీ, కొరియాకు చెందిన నియోబయోటెక్ వారిదీ ఎక్కువగా వినబడే పేర్లు. గరుకు ఉపరితలం మీద మరల గాడి అడుగు వరకు చేరడంలో క్యూరెట్లకన్నా చాలా మెరుగు. కానీ టైటానియం మీద టైటానియం రుద్దితే పొడి తప్పదు, పోగులు తెగి పడతాయి కూడా. తయారీదారు చెప్పిన వేగం దాటకుండా, సెలైన్ ధార ఆపకుండా, సక్షన్ పక్కన పెట్టి వాడితే పర్వాలేదు. పని అయ్యాక కడిగిన నీటిని గాజ్ మీదుగా పోనిచ్చి తెగిన పోగులున్నాయేమో చూడాలి. చిగురు మూసి ఉండగా పాకెట్‌లోకి దీన్ని దూర్చడం మాత్రం తప్పు. పుట్టిన పొడికి బయటికి దారి ఉండదు.

నార్వేకు చెందిన లాబ్రిడా బయోక్లీన్ బ్రష్ వేరే దారిలో వెళ్లింది. దాని పోగులు చిటోసాన్‌వి. చిటోసాన్ శరీరంలో క్రమంగా విచ్ఛిన్నమయ్యే పదార్థం, కాబట్టి పోగు తెగి లోపల ఉండిపోయినా టైటానియం ముక్కలా ఏళ్ల తరబడి కూర్చోదు. రేణువుల లెక్కలో ఆలోచన చాలా బాగుంది. గట్టి గార మీద మాత్రం దీనికి బలం చాలదు.

గాల్వోసర్జ్, లేజర్, మరల నూరుడు

గాల్వోసర్జ్ స్విట్జర్లాండ్ పరికరం. క్యాప్, అబట్‌మెంట్ విప్పి, చిగురు తెరిచి, ఇంప్లాంట్‌కు కొన ఆనించి సోడియం ఫార్మేట్ ద్రావణం పారిస్తూ సుమారు 2 నిమిషాలు విద్యుత్తు పంపుతారు. లోహం మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు పాచిని అడుగు నుంచి లేపేస్తాయి. గీకుడు లేదు గనుక పొడి లేదు. ఈ కోణంలో ఇంతకన్నా తెలివైన ఆలోచన ఇంకొకటి రాలేదు. స్క్రూ తో బిగించిన క్యాప్ కాకుండా సిమెంటుతో అతికించినదైతే విప్పడమే పెద్ద పని. గార ఉంటే ముందు వేరే పనిముట్టుతో తీయాల్సిందే. సర్జరీలో మాత్రమే పనికొస్తుంది, ఎప్పటికప్పుడు చేసే క్లీనింగ్‌కు కాదు.

లేజర్ల ప్రకటనలు చూసి పరుగెత్తొద్దు. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ టైటానియం ఉపరితలాన్ని కరిగించగలదు. ఎర్బియం-యాగ్ సరైన శక్తిలో వాడితే సురక్షితమే గానీ, మంచి చేతి పనికన్నా ఫలితం స్పష్టంగా మెరుగని చెప్పలేం.

ఇంప్లాంటోప్లాస్టీ, అంటే బయటపడ్డ మరలను డైమండ్, కార్బైడ్ బర్‌తో (గిర్రున తిరిగే నూరుడు కొనతో) నూరి నున్నగా చేయడం. టైటానియం రేణువులు బాగా ఎక్కువగా పుట్టించే పని ఇది. చిగురు కండ నల్లబారిపోయి కనబడుతుంది కూడా. తప్పనిసరైతే చుట్టూ ఎముకను, కండను తడి గాజ్‌తో కప్పి, రెండు సక్షన్‌లు పెట్టి, ధారాళంగా కడగాలి. సన్నటి 3.3 మిల్లీమీటర్ల ఇంప్లాంట్ మీద ఈ పని వద్దనే చెబుతాం, గోడ పల్చబడి నమిలేటప్పుడు విరిగే ప్రమాదముంది.

క్లినిక్ సర్వీసు ఎలా ఉంటే మంచిది

ఏ పరికరం ఉందన్నదానికన్నా ఆ అపాయింట్‌మెంట్‌లో ఏం చూశారన్నది ఎక్కువ చెబుతుంది. క్యాప్ పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే, పాకెట్ కొలతలు ఫైల్‌లో ఉండాలి. పోల్చడానికి అవే ఆధారం. ప్రతిసారీ చుట్టూ ఆరు చోట్ల ప్రోబ్ అనే కొలత గీతలున్న సన్నటి పుల్లతో మెల్లగా, సుమారు 0.25 న్యూటన్ల ఒత్తిడితో కొలవాలి. రక్తం, చీము, లోతు పెరగడం చూడాలి. 'ఇంప్లాంట్‌ను ప్రోబ్ చేయకూడదు' అనే పాత మాట ఇప్పుడు చెల్లదు. పాత ఎక్స్‌రే లేకపోతే, రక్తం వస్తూ, 6 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా లోతు ఉండి, ఎముక 3 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా కిందికి దిగి ఉంటే అది పెరి-ఇంప్లాంటైటిస్.

తర్వాత స్క్రూ. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే రేణువులు పుట్టే చోట్లలో ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. అబట్‌మెంట్ స్క్రూ కొద్దిగా వదులైతే నమిలినప్పుడల్లా ఇంప్లాంట్‌కూ అబట్‌మెంట్‌కూ మధ్య కంటికి కనబడని ఒరుపు జరుగుతుంది. ఒకదాన్నొకటి అరగదీసుకుని లోహపు పొడి రాలుతుంది. ఆ సందులోనే బ్యాక్టీరియా కాపురం పెడుతుంది, మెత్తగా పంపు కొట్టినట్టు రెండూ కలిసి చిగురు లోపలికి వెళ్తుంటాయి. విప్పి చూస్తే అబట్‌మెంట్ చుట్టూ నల్లటి వలయం, చెడు వాసన ఉంటాయి. జిర్కోనియా అనే గట్టి పింగాణీతో చేసిన అబట్‌మెంట్ నేరుగా టైటానియం ఇంప్లాంట్ మీద కూర్చుంటే అరుగుదల ఇంకా ఎక్కువ, గట్టిది జిర్కోనియా, అరిగేది టైటానియం. టైటానియం బేస్ ఉన్న అబట్‌మెంట్ అందుకే మేలు.

వదులైన స్క్రూను చేతి డ్రైవర్‌తో ఇంకొంచెం తిప్పేసి పంపడం సేవ కాదు. విప్పి, లోపలంతా కడిగి ఆరబెట్టి, కొత్త స్క్రూ వేసి, టార్క్ రెంచ్‌తో ఆ కంపెనీ చెప్పిన విలువకు బిగించాలి. చాలా సిస్టమ్‌లలో అది 30 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లు. 10 నిమిషాలాగి మళ్లీ అదే విలువకు బిగించాలి, మొదటి బిగింపు తర్వాత మరల గరుకు అణిగి పట్టు కొంత తగ్గుతుంది. స్క్రూ రంధ్రంలో టెఫ్లాన్ టేపు కుక్కి పైన కాంపోజిట్‌తో మూయాలి. మళ్లీ మళ్లీ వదులవుతోందంటే నమిలే కాటు ఎక్కడో ఎక్కువగా పడుతోందన్నమాట, దాన్ని సరిచేయాలి.

సిమెంటుతో అతికించిన క్యాప్‌లకు ఇంకో అనుమానం ఉండాలి. 2009లో డెంటిస్ట్ టామస్ విల్సన్ ఎండోస్కోప్ (సన్నటి కెమెరా గొట్టం) పెట్టి చూసిన పరిశీలనలో జబ్బు లక్షణాలున్న ఇంప్లాంట్లలో 81 శాతానికి చిగురు కింద సిమెంటు మిగిలి ఉంది. దాన్ని తీశాక వాటిలో 74 శాతం కోలుకున్నాయి. ఆయనే 2015లో 36 చిగురు ముక్కలు పరీక్షిస్తే 34లో పరాయి పదార్థం కనబడింది, అది ముఖ్యంగా టైటానియం, సిమెంటు. కొత్తగా పెట్టించుకునేవారు స్క్రూ క్యాప్ అడగండి. సిమెంటు క్యాప్ పెట్టాక కొన్ని వారాలకే చిగురు వాస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఎన్నాళ్లకోసారి రావాలన్నది అందరికీ ఒకటి కాదు. ముందు చిగుళ్ల జబ్బుతో పళ్లు పోయినవారు, పొగ తాగేవారు, షుగర్ అదుపులో లేనివారు 3, 4 నెలలకోసారి. ఆరోగ్యంగా ఉన్నవారు 6 నెలలకు. ఎంత బాగున్నా ఏడాది దాటనివ్వొద్దు. మీ ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, వ్యాసం, పొడవు, లాట్ నంబరు రాసిన కార్డు తీసుకుని దాచుకోండి. ఊరు మారినా, విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినా, స్క్రూ వదులైతే సరైన డ్రైవర్ ఏదో ఆ కార్డే చెబుతుంది.

ఇంట్లో వాడేవి

స్వీడన్ కంపెనీ టేపే వారి ఇంటర్‌డెంటల్ బ్రష్‌ల తీగకు ప్లాస్టిక్ పూత ఉంటుంది. అదే దీని గొప్ప. పూతలేని తీగ ఉన్న చవక బ్రష్‌లు అబట్‌మెంట్‌ను గీకుతాయి. సైజులు రంగులతో గుర్తుంటాయి: గులాబీ 0.4, ఎరుపు 0.5, నీలం 0.6, పసుపు 0.7, ఆకుపచ్చ 0.8 మిల్లీమీటర్లు. సందులో కాస్త బిగువుగా వెళ్లాలి, తోయాల్సి వస్తే చిన్న సైజు తీసుకోండి. ఇంప్లాంట్‌కు ఒక వైపు ఒక సైజు, రెండో వైపు ఇంకొకటి పట్టడం మామూలే. పూత ఊడి లోహం మెరిస్తే ఆ రోజే పారేయండి.

ఫ్లాస్ విషయంలో జాగ్రత్త. సొంత పంటికి మంచిదే. గరుకు మరలు బయటపడ్డ ఇంప్లాంట్‌కు దారం చుట్టి లాగితే నారలు తెగి లోపల చిక్కుకుంటాయి, అలా మిగిలిన నారల వల్లే వాపు వచ్చిన కేసులు నమోదయ్యాయి. నాలుగైదు పళ్ల బ్రిడ్జి కింద సూపర్ ఫ్లాస్ సరే, బయటపడ్డ మరల చుట్టూ మాత్రం వద్దు. వాటర్ ఫ్లాసర్ మంచి తోడు, బ్రష్‌కు బదులు కాదు. తక్కువ ప్రెషర్‌తో మొదలుపెట్టి, ధారను చిగురు అంచుకు అడ్డంగా పోనివ్వండి.

టూత్‌పేస్ట్‌లో ఫ్లోరైడ్ ఉందని బెంగపడక్కర్లేదు. మామూలు పేస్ట్‌లో పీహెచ్ తటస్థం దగ్గరే ఉంటుంది. ఇబ్బంది పుల్లటి ఫ్లోరైడ్ జెల్‌తో. పిల్లలకు పూసే ఏపీఎఫ్ జెల్‌లో ఫ్లోరైడ్ 1.23 శాతం, పీహెచ్ 3 నుంచి 3.5. అంత ఆమ్లంలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఏర్పడి టైటానియం ఆక్సైడ్ పొరను తినేస్తుంది. ఇంప్లాంట్ ఉన్నవారికి ఫ్లోరైడ్ అవసరమైతే తటస్థ సోడియం ఫ్లోరైడ్ వాడమని అడగండి. బొగ్గు పొడి, ఉప్పు, ముగ్గులాంటి గరుకు పళ్లపొడులు కూడా పక్కన పెట్టండి.

క్లోరెక్సిడిన్ మౌత్‌వాష్ మెడికల్ షాపుల్లో ఐసీపీఏ వారి హెక్సిడిన్, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ వారి క్లోహెక్స్ పేర్లతో దొరుకుతుంది. 0.2 శాతం రకాన్ని 10 మిల్లీలీటర్లు, రోజుకు రెండుసార్లు, రెండు వారాలు. అదీ డాక్టరు చెబితేనే. నెలల తరబడి వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, రుచి తగ్గుతుంది. పేస్ట్‌తో తోమిన వెంటనే వాడితే పేస్ట్‌లోని నురగ పదార్థం దాని పనిని చెడగొడుతుంది, అరగంట తేడా ఉంచండి. బ్రష్ చేయబోతే రక్తం వస్తోందని భయపడి ఆ చోటు వదిలేసి, మౌత్‌వాష్ పుక్కిలించి సరిపెట్టుకునేవారు చాలామంది. రక్తం వచ్చే చోటే ఇంటర్‌డెంటల్ బ్రష్ రోజూ తప్పక వెళ్లాలి. రెండు వారాల్లో తగ్గకపోతే క్లినిక్‌కు వెళ్లి ప్రోబ్, ఎక్స్‌రే చేయించుకోండి.